మన ముందు నడిచేది ఎవరు?

పోయిన వేసవిలో ఒక తల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా పర్ణశాల వెళ్లే దారిలో ఒక చిన్న పల్లె వాళ్లది. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుని వెళ్లిపోతున్నారు. ఆమె మాత్రం చాప మీదే కూర్చుని ఉంది. "అయ్యగారూ, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. దేవుడు అబద్ధమాడాడా? లేకపోతే మేమే సరిగ్గా నమ్మలేదా?" అంది.

సంగతి ఏమిటంటే, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో పెట్టి పంచిన వాగ్దాన కార్డుల్లో ఆమె కొడుక్కి యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మన గురించి తలపెట్టినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని చెప్పే వచనం అది. మన ఇళ్లల్లో ఆ వచనం లేని గోడ అరుదు. కుర్రాడు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాడు. కార్డును టీవీ పైన గోడకు అంటించారు. రోజూ పొద్దున్నే దాన్ని తాకి, వేళ్లు కళ్లకద్దుకుని, కోచింగ్‌కు బస్సెక్కేవాడు. మధ్యలో ఎక్కడో ఒక కూడికలో ప్రసంగీకుడొకాయన అతని తల మీద చేయి పెట్టి, ఈ ఏడాదే ఉద్యోగం ఖాయమని ప్రవచించి, విత్తన కానుక వేయమన్నాడట. మిరపకాయలు ఏరిన కూలి డబ్బు ఆ తల్లి తీసి ఇచ్చేసింది. ఫలితాలు వచ్చాయి. నాలుగు మార్కుల్లో పోయింది. ఆ తర్వాత కుర్రాడు గుడికి రావడం మానేశాడు. కార్డు మాత్రం గోడ మీదే ఉంది. తీసేస్తే ఏమవుతుందోనని ఆమెకు భయం.

ఆ రోజు నేను చెప్పిన జవాబు సరిగ్గా లేదు. దేవుని సమయం వేరమ్మా, ఇంకా మంచిది దాచి ఉంచాడేమో అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. పాస్టర్లం ఇలాంటి మాటలు చేతికి అందుబాటులో పెట్టుకుంటాం, దగ్గు మందు సీసాలా. ఇంటికి వచ్చాక నా మాట నాకే రుచించలేదు. ఇంకా మంచి ఉద్యోగం వస్తుందని నాకు దేవుడేమైనా చెప్పాడా? ఆ ప్రసంగీకుడు చేసిన పనే నేనూ కాస్త మర్యాదగా చేశాను. ఆమెకు ఇవ్వవలసిన జవాబును ఇప్పుడు ఇక్కడ రాయడానికి ప్రయత్నిస్తున్నాను.

ముందు ఆ కార్డు మీది వచనం సంగతి చూద్దాం. యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన వాళ్లకు యెరూషలేము నుంచి ప్రవక్త రాసి పంపినది. దాని ముందు అధ్యాయం చదవకపోతే ఈ ఉత్తరం బరువు తెలియదు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, జనమందరి ఎదుట లేచి, రెండేళ్లలో చెర ముగుస్తుందనీ, పోయిన మనుషులూ పోయిన పాత్రలూ తిరిగి వస్తాయనీ ప్రకటించాడు. అంతటితో ఆగక యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరిచేశాడు. వినడానికి ఎంత బాగుంది! యిర్మీయా కూడా ఆమేన్ అన్నాడు, అలా జరిగితే ఎంత బాగుండునని. కాని దేవుడు అతనికి ఇచ్చిన మాట వేరు. చెరలో ఉన్నవాళ్లకు అతను రాసిన లెక్క 70 ఏళ్లు. అంతవరకు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని రాశాడు. దాని తర్వాతే మన కార్డుల మీది వచనం వస్తుంది.

అంటే ఆ ఉత్తరాన్ని మొదట విన్న పెద్దవాళ్లలో ఎక్కువ మంది యెరూషలేమును మళ్లీ చూడకుండానే బబులోను మట్టిలో కలిసిపోయి ఉంటారు. వాళ్ల విషయంలో ఆ వాగ్దానం అబద్ధమైందా? కాలేదు. ఎందుకంటే ఆ వచనం దగ్గర ఉత్తరం ఆగలేదు. నన్ను వెదకుతారు, నేను మీకు దొరుకుతాను అన్న మాట 13, 14 వచనాల్లో ఉంది. దేవాలయం లేని దేశంలో, పరాయి భాష మాట్లాడే వీధుల్లో దేవుడు దొరుకుతాడట. వాళ్లకిచ్చిన సమాధానం అది. ఆ అధ్యాయంలోంచి ఒక్క వచనాన్ని కత్తిరించి, బంగారు అంచు కార్డు మీద అచ్చేసి, దాని చుట్టూ ఉన్న 70 ఏళ్లను పక్కన పడేసింది మనమే. యిర్మీయా వచనం తీసుకుని హనన్యా అర్థంతో చదువుతున్నాం.

మామూలు లోకజ్ఞానం కూడా ఇక్కడ ఒక మాట చెబుతుంది. అదే వచనం ఆ రాత్రి ఎన్ని ఊళ్లలో, ఎన్ని పళ్లేల్లో, ఎంతమంది చేతికి వచ్చి ఉంటుంది? వాళ్లలో ఎంతమంది అదే పరీక్ష రాసి ఉంటారు? పోస్టులేమో లెక్కగా ఉంటాయి. పంజరంలోంచి చిలక బయటకు వచ్చి ముక్కుతో ఒక కార్డు తీస్తే దాన్ని మూఢనమ్మకం అంటాం. పళ్లెంలోంచి మన చెయ్యే తీస్తే దాన్ని నడిపింపు అంటున్నాం. కార్డు మీద ఉన్నది దేవుని వాక్యమే, అందులో సందేహం లేదు. తీసిన పద్ధతి మాత్రం చిలకదే.

ఇంతకన్నా నా మనసు ఎక్కువగా ఆగింది ఆ కుర్రాడు కార్డును తాకి కళ్లకద్దుకోవడం దగ్గర. పాపం, అతను దేవుణ్ణి విడిచి ఏదో చేయాలనుకోలేదు. భక్తితోనే చేశాడు. నడిపింపు కోసం పడే ఆరాటం ఎక్కడ ఆరాధనగా మారిపోతుందో అక్కడ కనిపిస్తుంది. నిర్గమకాండం 32వ అధ్యాయం ఈ సంగతే చెబుతుంది.

బంగారు దూడ కథను సండే స్కూలు నుంచి వింటున్నాం కాబట్టి, ఇశ్రాయేలీయులు దేవుణ్ణి మరిచిపోయి వేరే దేవుణ్ణి కోరుకున్నారని అనుకుంటాం. మొదటి వచనం నెమ్మదిగా చదవండి. వాళ్ల బాధ ఆలస్యం. మోషే కొండెక్కి 40 రోజులైంది, దిగిరావడం లేదు. అతనికి ఏమైందో తెలియదు. ముందు దారేదో చూపేవాడు లేడు. అందుకని తమ ముందు నడవడానికి ఒక దేవతను చేసిపెట్టమని అహరోనును అడిగారు. వాళ్లడిగింది దారి చూపేవాణ్ణే. కొండ మీది దేవుడు కనిపించడు, ఎప్పుడు మాట్లాడతాడో తెలియదు, మన గడువుకు కట్టుబడడు. దూడ అలా కాదు. రేపు పొద్దున్నే బయలుదేరదామంటే భుజాల మీద ఎత్తుకోవచ్చు. ఏ దిక్కుకు తిప్పితే ఆ దిక్కుకు చూస్తుంది.

5వ వచనంలో అహరోను మరుసటి రోజు పండుగ అని చాటించాడు. ఎవరికి పండుగ? యెహోవాకు! పేరు మార్చలేదు. బలులూ మానలేదు. ఆరాధన క్రమమంతా అలాగే ఉంది, మధ్యలో నిలబడినది మాత్రం వేరు. దూడకు వాడిన బంగారం ఎక్కడిదన్నది మరో సంగతి. అది వాళ్ల చెవి పోగులది. ఐగుప్తు నుంచి వచ్చేటప్పుడు దేవుని కటాక్షం వల్ల అక్కడివాళ్లు ఇచ్చిన వెండి బంగారాలు వాళ్ల దగ్గర ఉన్నాయి (నిర్గమ 12:35, 36). దేవుడిచ్చిన దీవెనలోంచే దూడ పుట్టింది. మన ఇళ్లల్లోనూ అంతే. చెడ్డ వస్తువులు మనకు విగ్రహాలు కావడం తక్కువ. పిల్లల చదువు, ఉద్యోగం, అమెరికా వీసా, కొత్త చర్చి బిల్డింగు, పాస్టరు గారి పేరు, ఇవన్నీ దేవుడిచ్చినవే. మోషే ఎత్తిన ఇత్తడి సర్పం కూడా దేవుడు చేయమన్నదే. కొన్ని వందల ఏళ్లు గడిచేసరికి జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18:4).

మా ప్రాంతంలో విగ్రహం అనే మాట పలకగానే వినేవాళ్ల చూపు పర్ణశాల గుడి వైపు పోతుంది. ఆ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. నిర్గమకాండం 32 రాసింది ఎర్రసముద్రం దాటిన వాళ్ల గురించి, మన్నా తిన్నవాళ్ల గురించి. మన పొరుగువాళ్ల మీద వేలు చూపడానికి ఆ అధ్యాయం ఇవ్వలేదు. సీతమ్మకు బంగారు లేడి కనిపించింది ఇక్కడేనని మా పొరుగువాళ్లు చెప్పుకుంటారు. అందమైనది ఒకటి కళ్ల ముందు మెరిసి, దాని వెనక పోయాక ఇల్లు ఖాళీ కావడం వాళ్ల కథలోనూ ఉంది. ఆ నొప్పి తెలిసిన ఊరు ఇది. మనం వాళ్లకు ఎగతాళిగా చెప్పవలసిందేమీ లేదు.

33వ అధ్యాయం మొదట్లో దేవుడు చెప్పిన మాట నన్ను ప్రతిసారీ భయపెడుతుంది. పాలు తేనెలు ప్రవహించే దేశానికి వెళ్లండి, దూతను ముందు పంపిస్తాను, శత్రువులను వెళ్లగొడతాను, నేను మాత్రం మీతో రాను అంటాడు. గమ్యం దొరుకుతుంది, దారి సుగమం అవుతుంది, విజయం ఖాయం. దేవుడు ఒక్కడే ఉండడు. మోషే దానికి ఒప్పుకోలేదు. నీ సన్నిధి రాకపోతే మమ్మల్ని ఇక్కడి నుంచి కదిలించవద్దన్నాడు (33:15). ఎడారిలోనైనా ఉంటాం గాని నీవు లేని కనాను మాకు వద్దని దాని అర్థం.

ఇప్పుడు ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చి ఉంటే ఏం జరిగేది? సాక్ష్యం చెప్పించేవాళ్లం, కేకు కోసేవాళ్లం, కార్డుకు ఫ్రేము కట్టించేవాళ్లం. దేవుడు వచ్చాడా లేదా అని ఒక్కరమైనా అడిగేవాళ్లం కాదు, నాతో సహా.

నడిపింపు అంటే అనుకున్న పని జరగడమేనా? మా దుమ్ముగూడెం చరిత్రే దీనికి దగ్గరి ఉదాహరణ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరిని ఎగువ దాకా పడవల దారిగా మార్చాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. నాగపూరు వైపు పండే పత్తిని నది మీదుగా సముద్రానికి దించాలన్నది ఆలోచన. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి, మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, దాని పక్కన కాలువ, పడవలు ఎక్కి దిగడానికి లాకులు కట్టారు. 1860లో నిజాం నుంచి భద్రాచలం తాలూకా ఇంగ్లీషు ప్రభుత్వం చేతికి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైంది. పనులు జోరందుకున్నాయి.

ఆ పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. ఆయన విశ్వాసి. చుట్టూ అడవిలో ఉన్న కోయలకు సువార్త చెప్పేవాళ్లు లేరన్న బాధ ఆయనను పట్టుకుంది. చర్చి మిషనరీ సొసైటీకి విన్నవించాడు. ఆ విధంగా 1860ల మొదట్లో దుమ్ముగూడెంలో మిషను మొదలైంది. సర్కారు కొలువులో ఉన్న వెంకటరామ రాజు అనే తెలుగువాడు క్రీస్తును నమ్మి, కొలువు వదిలి, కోయల మధ్య సేవకు దిగి, తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. పెద్ద కులం, నెలకు జీతం, రెండూ వదులుకుని అడవి జ్వరాల నడుమ ఆయన నిలబడ్డాడు. మన సంఘాల్లో హేగ్ పేరు తెలిసినంతగా కూడా ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అంతలో 1867లో నాగపూరుకు రైలు వచ్చింది. పత్తికి ఇక నదితో పని లేదు. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను ఆపేసింది. ఆనాటి కూలీలు మోసిన రాళ్లు, కాలువ, లాకులు అలాగే మిగిలాయి. హేగ్ ఉద్యోగ జీవితంలో అంత పెద్ద పని లెక్కల పుస్తకంలో నష్టంగా మిగిలిపోయింది.

మిషను మాత్రం ఆగలేదు. 1870ల్లో జాన్ కెయిన్ దొర వచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. కోయల మాట నేర్చుకున్నాడు, వాళ్ల పండుగలు, పెళ్లి తంతులు, పాత కథలు వింటూ 1876 నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. 1880ల్లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. నేడు ఆ ప్రాంతం సీఎస్ఐ దోర్నకల్ డయాసిస్‌లో ఉంది.

ఈ కథను మన సాక్ష్యాల ధోరణిలో చెప్పడం చాలా తేలిక. దేవుడు హేగ్‌ను పంపడానికే ఆనకట్ట కట్టించాడు, పని అయ్యాక ఆపేశాడు అని ఒక్క వాక్యంలో ముడి వేసేయొచ్చు. నేను అలా వేయను. ఆ దొరల ప్రభుత్వానికి కావలసింది పత్తి. దానికి మనం హారతి పట్టనక్కర్లేదు. ఆ పథకం ఎందుకు మొదలైందో ఎందుకు ఆగిందో దేవుని లెక్కలో నాకు తెలియదు. నాకు కనిపించేది చిన్న సంగతి. హేగ్ చేతిలో రెండు పనులు ఉన్నాయి. ఒకదానికి ప్లాను ఉంది, డబ్బు ఉంది, పెద్దల అండ ఉంది. రెండోదానికి ఒక ప్రార్థన, ఒక విన్నపం తప్ప ఏమీ లేవు. ఏది నిలుస్తుందని ఆ రోజు ఎవరినడిగినా మొదటిదనే చెప్పేవాళ్లు. ఏది నిలుస్తుందో ముందే ఆయనకు ఎవరూ కార్డు ఇవ్వలేదు. రెంటినీ చేశాడు.

ఆనకట్ట కూడా పూర్తిగా వృథా కాలేదు. ఇన్నేళ్ల తర్వాత సీతారామ ఎత్తిపోతల పథకానికి నీళ్లు తీసుకుంటున్నది ఆ ఆనకట్ట ఎగువ నుంచే. కట్టినవాళ్లు ఊహించని పని అది.

మరి నడిపింపు ఎలా వస్తుంది అని అడుగుతారు. సంఖ్యాకాండం 9వ అధ్యాయం చివర చూడండి. మేఘం గుడారం మీద ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి నెల, ఒక్కోసారి ఏడాది నిలిచేది. ఎంతకాలం నిలుస్తుందో జనానికి ముందు తెలిసేది కాదు. అది లేస్తే బయలుదేరడం, ఆగితే ఆగడం, అంతే. ఆగిన ఏడాదంతా కూడా వాళ్లు దేవుని నడిపింపులోనే ఉన్నారు! పరీక్ష పోయిన ఏడాదికి మన సంఘాల్లో ఈ పేరు పెట్టడం మనకు చేతకాదు. వాక్యం పాదాలకు దీపమని 119వ కీర్తన చెబుతుంది. పర్ణశాల దారిలో కరెంటు పోయిన రాత్రి చేతిలో లాంతరుతో నడిచినవాళ్లకు అది ఎంత దూరం చూపుతుందో తెలుసు. నాలుగడుగులు. ఆ నాలుగు వేస్తే మరో నాలుగు.

పౌలు సంగతి చూడండి. అపొస్తలుల కార్యములు 16లో ఆసియలో వాక్యం చెప్పబోతే ఆత్మ ఆపాడు. బితూనియకు వెళ్లబోతే వెళ్లనివ్వలేదు. రెండు తలుపులు మూసుకున్నాక త్రోయలో రాత్రి దర్శనం వచ్చింది, మాసిదోనియ మనిషి రమ్మని వేడుకున్నాడు. ఇంత స్పష్టమైన నడిపింపు ఎవరికి దొరుకుతుంది? పోయి చూస్తే ఫిలిప్పీలో బట్టలు చింపి, బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో పడేశారు. దర్శనం తప్పని పౌలు అనుకోలేదు. ఆ రాత్రి పాటలు పాడాడు. మన కాలంలో అయితే సీలను పక్కకు పిలిచి, ఏదైనా శాపం ఉందేమో ఒక దైవజనుణ్ణి అడుగుదామా అనేవాళ్లం.

కాబట్టి ఆ తల్లికి చెప్పవలసింది ఇది. అమ్మా, దేవుడు అబద్ధమాడలేదు. ఉద్యోగం ఇస్తానని ఆయన మీతో అనలేదు, మేము అన్నాం. మీ విశ్వాసం తక్కువై మార్కులు తగ్గలేదు. ప్రశ్నలు కష్టంగా వచ్చి ఉంటాయి, పోటీ ఎక్కువై ఉంటుంది. మళ్లీ రాయాలా, వేరే పని చూసుకోవాలా అన్నది అబ్బాయి శక్తి, ఇంటి పరిస్థితి, అతన్ని బాగా ఎరిగినవాళ్ల సలహా చూసుకుని, ప్రార్థన చేసి తేల్చుకోవచ్చు. దానికి ఆకాశం నుంచి కార్డు అక్కర్లేదు. డబ్బు తీసుకుని ప్రవచనం చెప్పేవాళ్ల గురించి మీకా 3:11లో ఎప్పుడో రాసి ఉంది. మీ కూలి డబ్బును ఆయన తిరిగి ఇస్తాడని నాకు ఆశ లేదు, అడిగి చూడటంలో తప్పూ లేదు. కార్డు తీసేసినా మీ ఇంటికి ఏమీ కాదు. ఉంచుకోవాలంటే ఉంచుకోండి, పక్కన బైబిలు తెరిచి ఆ అధ్యాయం మొత్తం చదవండి, 70 ఏళ్లతో సహా.

ఈ మాటలు ఆలస్యంగానైనా నెల క్రితం వాళ్లింటికి వెళ్లి చెప్పాను. ఆమె విని, "అయితే ఇంతకాలం నేను దేన్ని మొక్కినట్టు అయ్యగారూ?" అంది. నేను జవాబు చెప్పలేదు. నేనూ అదే అడుక్కుంటున్నానని మాత్రం చెప్పాను. కుర్రాడు లోపలి గదిలోంచి బయటకు రాలేదు. నేను లేచేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, యిర్మీయా 28 ఏ పేజీలో ఉంటుందని అడిగాడు.

ఈ డిసెంబరు 31 రాత్రికి కార్డులు పంచాలా, వద్దా అన్నది మా సంఘ కమిటీలో ఇంకా తేలలేదు. పంచకపోతే జనం పక్క సంఘానికి పోతారని కోశాధికారి భయం. అందులో కొంత నిజం ఉంది. కార్డుకు బదులు ఒక్కో కుటుంబానికి ఒక్కో అధ్యాయం ఇచ్చి, ఏడాది పొడుగునా చదువుకుని వచ్చి సంఘంలో మాట్లాడమంటే బాగుంటుందని నేనన్నాను. వినడానికి పెద్దగా ఎవరికీ నచ్చలేదు. ఒక పెద్దాయన మాత్రం, మాకు తేలికైన అధ్యాయం ఇవ్వండి అయ్యగారూ, అన్నాడు.